యూనిట్ 7: ఊరికే చేసిన యంత్రాలు, నమ్మలేని కార్లు – సనత్‌నగర్ నుంచి ఒక పరిశీలన

7.1 పరిచయం

గడచిన యూనిట్లలో హైదరాబాద్ సంస్థానంలో పరిశ్రమల స్థాపన గురించి, పారిశ్రామిక నిధి గురించి, స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ప్రభుత్వరంగ సంస్థల గురించి చదివారు. అదంతా ఫైళ్ళలో, వార్షిక నివేదికల్లో మిగిలిన చరిత్ర. ఈ యూనిట్‌లో ఫైళ్ళలోకి ఎక్కని ఒక విషయాన్ని తీసుకుంటున్నాం. ఎవరూ ఆర్డరు ఇవ్వకపోయినా, కూలి రాకపోయినా, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక మనిషి ఇనుముతో చేసే సరదా పని అది. దానితోపాటు మరో ప్రశ్నను కూడా పరిశీలిద్దాం: స్పోర్ట్స్ కారు నమ్మదగిన బండేనా? ఒక యంత్రాన్ని 'నమ్మవచ్చు' అని మనం ఏ ఆధారంతో అంటాం?

ఈ రెండూ పొంతన లేని విషయాలని మీకు తోచవచ్చు. కాని స్పోర్ట్స్ కారు చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం మొదలైంది కూడా ఇలాంటి షెడ్డులోనే. 1948లో లండన్‌లో కాలిన్ చాప్‌మన్ అనే యువకుడు ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, తనకు నచ్చినట్లు మళ్ళీ కట్టుకున్నాడు. లోటస్ కంపెనీకి అది పునాది. కనుక సరదా పనిని, స్పోర్ట్స్ కారును పక్కపక్కన పెట్టి చూడడం చరిత్ర విద్యార్థికి అసందర్భం కాదు.

7.2 సనత్‌నగర్: పని నేర్పిన నేల

హైదరాబాద్‌కు లోహపు పని కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. ఫతే మైదాన్ దగ్గర ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా పేరు 'గన్‌ఫౌండ్రీ'గా నేటికీ ఆ పేటకు మిగిలి ఉంది. అయితే అవి రాజు అవసరం కోసం, సైన్యం అవసరం కోసం జరిగిన పనులు. మామూలు ఫిట్టరు చేతికి, లేత్ పనివాడి చేతికి రేకు, గొట్టం, వెల్డింగు అందుబాటులోకి వచ్చిన చరిత్ర ఇరవయ్యో శతాబ్దానిది. అందులో సనత్‌నగర్‌కు పెద్ద వాటా ఉంది.

1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. మొదటి బస్సులు స్కాట్లండ్‌కు చెందిన ఆల్బియన్ కంపెనీవి. బస్సు నడపాలంటే బస్సు బాడీ కట్టేవాళ్ళు కావాలి, దెబ్బతిన్న రేకును సరిచేసేవాళ్ళు కావాలి. 1942లో పారిశ్రామిక నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించాయి. సనత్‌నగర్, ఎర్రగడ్డ పరిసరాల్లో ఈ పేరు వినని ఇల్లు ఉండేది కాదు. బస్సు బాడీలు, ఉక్కు బీరువాలు, కుర్చీలు, తర్వాత రిఫ్రిజిరేటర్లు, 1980లలో జపాన్ సీకో సహకారంతో చేతి గడియారాలు ఇక్కడ తయారయ్యాయి. ఈ జాబితాను మరొక్కసారి చదవండి. బస్సుకు, బీరువాకు, ఫ్రిజ్‌కు ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? రేకు. రేకును కత్తిరించడం, వంచడం, అంచు మడవడం, అతకడం, నునుపు చేయడం, రంగు వేయడం. ఒక తరం మొత్తం ఈ విద్యను జీతానికి నేర్చుకుంది.

పొరుగున ఉన్న బాలానగర్ కూడా 1960లలో మారిపోయింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సహకారంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. పాత యంత్రాలను మళ్ళీ పనికి తెచ్చే వర్క్‌షాపుగా మొదలై, అణు, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేసే స్థాయికి ఎదిగిన ఎం.టి.ఎ.ఆర్. కూడా బాలానగర్‌దే. ఈ పెద్ద పేర్ల చుట్టూ రెండు లేత్‌లు, ఒక వెల్డింగ్ సెట్టు, ఒక డ్రిల్లింగ్ మిషనుతో నడిచే చిన్న షెడ్డులు అల్లుకున్నాయి. మీలో కొందరు పగలంతా అలాంటి షెడ్డులోనే పనిచేసి, రాత్రిపూట ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. ఈ యూనిట్‌లో చెప్పే చరిత్ర మీ చేతుల చరిత్రే.

ఒక సామాజిక విషయం కూడా చెప్పుకోవాలి. ఊళ్ళో కమ్మరి, కంచరి, కంసాలి పనులు కులాన్ని బట్టి తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. నగరంలో మోటారు మెకానిక్ పనిని ఉస్తాద్ దగ్గర చేరి నేర్చుకునేవారు. ఆ ఉస్తాద్‌లలో చాలామంది ముస్లింలు. ఐ.టి.ఐ. వచ్చాక ఫిట్టరు ట్రేడ్‌లో ఏ కులం పిల్లవాడైనా చేరి ఆకురాయి పట్టగలిగాడు. ఇనుమును ముట్టే హక్కు ఇలా కొంత విస్తరించిందని నా అభిప్రాయం. కొంత అని ఎందుకంటున్నానంటే, ఈ షెడ్డులలో స్త్రీలు నేటికీ అరుదుగానే కనిపిస్తారు.

7.3 'ఊరికే' అనే మాట

ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళు కాపురమున్నవాణ్ణి. మా వీధిలో పదవీ విరమణ చేసిన ఒక ఫిట్టరు గారు పాత టేబుల్ ఫ్యాను మోటారుతో, సైకిలు చైనుతో పింఛం విప్పే రేకు నెమలిని చేశారు. ఎందుకు చేశారండీ అని అడిగితే, "ఊరికేనండీ" అన్నారు. చరిత్రకారుణ్ణి ఇబ్బందిపెట్టే జవాబు ఇది. మనం ప్రతి వస్తువుకూ ఒక ప్రయోజనం, ఒక కొనుగోలుదారు, ఒక ధర వెతుకుతాం. 'ఊరికే' చేసిన దానికి ఈ మూడూ ఉండవు. అందుకే అది లెక్కల్లోకి రాదు.

కాని ఆ నెమలిలో ఏముందో చూడండి. మోటారు వేగాన్ని తగ్గించడానికి చిన్న పళ్ళచక్రం నుంచి పెద్ద పళ్ళచక్రానికి చైను వేయాలి. గుండ్రంగా తిరిగే కదలికను ముందుకు వెనక్కు సాగే కదలికగా మార్చడానికి క్రాంకు ఉండాలి. పింఛంలోని ఒక్కొక్క ఈక ఒకదానికొకటి తగలకుండా జరగాలంటే కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వదలాలి. ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు ముప్ఫై ఏళ్ళు ఒకే మెషిను మీద ఒకే భాగం చేసి ఉండవచ్చు. ఆలోచన, కొలత, కోత, అతుకు, సరిదిద్దుకోవడం – పని మొత్తం మొదటి నుంచి చివరి దాకా అతని చేతిలో ఉండేది సరదా పనిలో మాత్రమే. ఫ్రాన్స్‌లో కార్మికులు ఫ్యాక్టరీ తుక్కుతో సొంతానికి వస్తువులు చేసుకోవడాన్ని 'లా పెరూక్' అంటారు. మిషెల్ ద సెర్తో అనే ఆలోచనాపరుడు 1980లో దీని గురించి రాస్తూ, అది దొంగతనం కాదని, తన కాలాన్ని తాను తిరిగి తీసుకోవడమని వాదించాడు. యజమానులు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

సరదా యంత్రానికి రాజాదరణ దొరికిన సందర్భాలు లేకపోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ గడ్డపు మనిషి బయటికి వచ్చి గంట కొట్టే గడియారాన్ని చూడడానికి జనం గుమిగూడతారు. గంట కొట్టడానికి మనిషి బొమ్మ అవసరం లేదు. అయినా జనం వచ్చేది ఆ బొమ్మ కోసమే.

7.4 బహదూర్‌పురా: వంకాయ కారు రోడ్డెక్కితే

మన రాష్ట్రంలో ఇంటి లోహపు పని సరదాగా మొదలై ప్రపంచం దృష్టికి వెళ్ళిన ఉదాహరణ నెహ్రూ జూ పార్కు దగ్గరి బహదూర్‌పురాలో ఉంది. కన్యబోయిన సుధాకర్ బడి వయసు నుంచే పాత సామానుతో బండ్లు కట్టడం మొదలుపెట్టారు. 2005 జులై 1న హైదరాబాద్‌లో ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు; చక్రం వ్యాసమే 17 అడుగులు. ప్రపంచంలో అతిపెద్ద ట్రైసైకిలుగా అది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2010లో సుధా కార్స్ మ్యూజియం ప్రజలకు తెరుచుకుంది. క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, వంకాయ, బర్గరు, కెమెరా, ఎత్తు మడమ చెప్పు, సోఫా, ఆఖరికి మరుగుదొడ్డి సీటు ఆకారంలో కూడా అక్కడ కార్లున్నాయి. చెప్పు కారు మహిళా దినోత్సవం కోసం చేసినది. మహిళలకు కానుక ఎత్తు మడమ చెప్పే కావాలా అని అడగాలనిపిస్తుంది కాని, దాని రేకు పనిని మాత్రం తప్పుపట్టలేం.

ఇవి బొమ్మలు కావు, నడిచే బండ్లు. ఇలాంటి బండి ఎలా తయారవుతుందో కాస్త వివరంగా తెలుసుకోండి. ముందు ఇనుప గొట్టాలతో చట్రం వెల్డింగు చేస్తారు. స్కూటరు నుంచో చిన్న మోటారు సైకిలు నుంచో తీసిన ఇంజను దానిలో కూర్చోబెడతారు. బరువు ఏ చక్రం మీద ఎంత పడుతోందో చూసుకోకపోతే మొదటి మలుపులోనే బండి పల్టీ కొడుతుంది. ఆ తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. బల్లపరుపు రేకును ఒక వైపుకు వంచడం తేలిక, గొట్టంలా చుట్టవచ్చు. వంకాయ బొజ్జలా రెండు వైపులకూ వంపు తేవాలంటే రేకు మధ్యభాగం సాగాలి, అంచులు ముడుచుకోవాలి. ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తెతో లోపలి నుంచి వందల దెబ్బలు కొట్టి సాగదీస్తారు. ఎక్కువ కొడితే పలచబడి చిరుగుతుంది. గట్టిపడితే వేడి చేసి మెత్తబరచాలి. ముక్కలు అతికేటప్పుడు వెల్డింగు వేడికి రేకు మెలి తిరుగుతుంది, దాన్ని మళ్ళీ సుత్తెతో దారికి తేవాలి.

ఇటలీలో ఖరీదైన స్పోర్ట్స్ కార్ల బాడీలను 1950లలో, 60లలో కట్టినవారు చేసిన పని కూడా ఇదే. ఇసుక సంచి ఒకటే, సుత్తె ఒకటే. తేడా ఆకారంలో, ధరలో, గౌరవంలో ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి: మీ ఊళ్ళో ట్రాక్టరు ట్రాలీకో, ఆటో బాడీకో ఇలాంటి రేకు పని చేసేవారు ఉన్నారా? వారు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మీ జవాబును పది వాక్యాల్లో నోటుబుక్కులో రాసుకోండి.

7.5 ఒకే ఇంజను, మూడు జీవితాలు

ఇప్పుడు నమ్మకం గురించిన ప్రశ్నకు వద్దాం. స్పోర్ట్స్ కార్లు తరచూ చెడిపోతాయని, మామూలు కార్లు భరోసాగా నడుస్తాయని సాధారణంగా అనుకుంటారు. ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి చరిత్ర మనకు చక్కని అవకాశం ఇచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తయారుచేసిన 1489 ఘన సెంటీమీటర్ల 'బి సిరీస్' ఇంజను మూడు దేశాల్లో మూడు రకాలుగా బతికింది.

మొదటిది ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఈ ఇంజనుకు రెండు కార్బురేటర్లు పెట్టి 68 హార్స్‌పవరు, తర్వాత 72 హార్స్‌పవరు రాబట్టారు. లక్షకు పైగా కార్లు తయారై, ఎక్కువ భాగం ఎగుమతి అయ్యాయి. రెండోది మన దేశం. 1957లో హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో అంబాసిడర్‌ను మొదలుపెట్టింది. మొదట పాత సైడ్‌వాల్వ్ ఇంజను ఉండేది, 1959లో దాని స్థానంలో ఈ బి సిరీస్ వచ్చింది. ఒకప్పుడు అమీర్‌పేట చౌరస్తాలో, పంజగుట్టలో నిలబడిన టాక్సీల బానెట్ కింద ఉన్నది ఎం.జి. స్పోర్ట్స్ కారు ఇంజనుకు తోబుట్టువే. మూడోది జపాన్. 1952లో నిస్సాన్ కంపెనీ ఆస్టిన్‌తో ఒప్పందం చేసుకుంది. ఏ40, తర్వాత ఏ50 కార్లను మొదట విడిభాగాలు తెచ్చి బిగించి, కొద్ది సంవత్సరాల్లో ప్రతి భాగాన్నీ స్వదేశంలోనే తయారుచేసింది. ఏ50లో ఉన్నదీ ఇదే 1489 ఇంజను.

ఈ మూడు చోట్లా నమ్మకం మూడు అర్థాలు సంతరించుకుంది.

అంబాసిడర్ సంగతి చూడండి. అది చెడిపోని కారు కాదు. దాన్ని నడిపినవారెవరూ అలా చెప్పరు. నీళ్ళు మరిగేవి, క్లచ్ జారేది, తలుపు సరిగ్గా పడేది కాదు. అయినా జనం దాన్ని నమ్మారు. ఇంజనులో సంపీడనం తక్కువ, ఒకే కార్బురేటరు, శక్తి దాదాపు 50 హార్స్‌పవరు. బానెట్ ఎత్తితే చెయ్యి ఎక్కడికైనా వెళ్ళేది. ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు ఉంటే రోడ్డు పక్కనే బాగుచేసుకోవచ్చు. ఇంజనీర్లు రెండు కొలతలు చెబుతారు: ఒక వైఫల్యానికీ మరో వైఫల్యానికీ మధ్య సగటున ఎంత కాలం నడిచింది, చెడిపోతే బాగుచేయడానికి సగటున ఎంత సమయం పట్టింది. అంబాసిడర్ మొదటి కొలతలో వెనకబడినా, రెండో కొలతలో గెలిచేది. ప్రతి ఊళ్ళో దాని గుట్టు తెలిసిన మిస్త్రీ ఉన్నాడు. అంటే నమ్మకంలో సగభాగం కారులో కాదు, ఊళ్ళో ఉంది.

ఎం.జి.ఎ.కు కూడా ఈ సుగుణమే ఉండేది. కాని 1958లో కంపెనీ ఒక అడుగు ముందుకు వేసి 'ట్విన్ క్యామ్' రకాన్ని తెచ్చింది. 1588 ఘన సెంటీమీటర్లు, 108 హార్స్‌పవరు, సంపీడన నిష్పత్తి 9.9. కాగితం మీద అద్భుతం. రోడ్డు మీద పిస్టన్లు కాలిపోయాయి. వారంటీ కింద వచ్చిన ఫిర్యాదులకు అంతు లేకపోయింది. చివరి కార్లలో నిష్పత్తిని 8.3కు తగ్గించినా పోయిన పేరు తిరిగి రాలేదు. 2,111 కార్ల తర్వాత 1960లో దాన్ని ఆపేశారు. చాలా ఏళ్ళ తర్వాత తేలినదేమిటంటే, ఇంజను ఒక వేగానికి చేరినప్పుడు కార్బురేటర్లు దానితోపాటు అదిరి, పెట్రోలు పాలు తగ్గి, మంట వేడెక్కి పిస్టన్ కరిగేది. లోపం పిస్టన్‌లో కనబడింది, కారణం కార్బురేటరు బిగింపులో ఉంది. యంత్రం నుంచి చివరి బొట్టు శక్తి పిండినప్పుడు అంత చిన్న అదురుకు కూడా చోటు మిగలదు. స్పోర్ట్స్ కార్ల అపనమ్మకానికి మూల కారణం నాకు కనిపించినంతలో ఇదే: నాసిరకం పనితనం కంటే, తప్పుకు మిగిల్చిన ఖాళీ తక్కువ కావడం.

మూడో కథ నిస్సాన్‌ది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, పరీక్షకు ముఖ్యమైన భాగం ఇది. యుద్ధంలో చితికిపోయిన జపాన్‌లో 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ గణాంకవేత్త ఉపన్యాసాలిచ్చాడు. తయారైన వస్తువును చివరన పరీక్షించి పక్కన పారేయడం కాదు, తయారీలో ప్రతి దశనూ కొలిచి తేడాలను తగ్గించాలన్నది ఆయన బోధ. 1951లో ఆయన పేరిట బహుమతి నెలకొల్పారు. 1960లో అది నిస్సాన్‌కు వచ్చింది. 1969లో నిస్సాన్ 'డాట్సన్ 240జెడ్' అనే స్పోర్ట్స్ కారును బయటపెట్టింది. ఆరు సిలిండర్లు, 2393 ఘన సెంటీమీటర్లు. అమెరికాలో ధర 3,526 డాలర్లు. దాని కార్బురేటర్లు బ్రిటిష్ ఎస్.యు. నమూనా మీద హిటాచీ చేసినవే. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అయ్యే స్పోర్ట్స్ కారు అంత ధరకు దొరకడం అమెరికా కొనుగోలుదారుకు కొత్త అనుభవం. ఒక లోపం మాత్రం దాచలేం. ఆ కారుకు తుప్పు త్వరగా పట్టేది. ఇంజను నమ్మకంగా నడుస్తుంటే, దాన్ని మోసే రేకు తినిపోయేది. సనత్‌నగర్ డెంటరుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1989లో మజ్దా కంపెనీ 1960ల లోటస్ ఎలాన్‌ను గుర్తుచేసే ఎం.ఎక్స్.-5 తెచ్చింది. చెడిపోకుండా నడిచే తేలికపాటి స్పోర్ట్స్ కారు సాధ్యమేనని అది తేల్చిచెప్పింది. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి.

7.6 నిస్సాన్ మన దగ్గరికి వచ్చినప్పుడు

ఆ నిస్సాన్ 1980లలో మన ఇంటికే వచ్చింది. నాలుగు జపాన్ కంపెనీలు భారతదేశంలో తేలిక వాణిజ్య వాహనాల తయారీకి భాగస్వాములను ఎంచుకున్నాయి: టయోటా డి.సి.ఎం.ను, మిత్సుబిషి ఐషర్‌ను, మజ్దా పంజాబ్‌లోని స్వరాజ్‌ను, నిస్సాన్ మన ఆల్విన్‌ను. ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం జహీరాబాద్‌లో వెలిసింది. 240జెడ్‌ను చేసిన కంపెనీ, బీరువాలు చేసిన కంపెనీ కలిసి సరుకు మోసే చిన్న లారీని చేశాయి.

ఈ కలయిక నిలవలేదు. యెన్ విలువ పెరిగి దిగుమతి భాగాల ఖర్చు మోయలేని భారమైంది. 1989లో వాహన విభాగం మహీంద్రా చేతికి, 1990ల మొదట్లో రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళాయి. జహీరాబాద్‌లో మహీంద్రా నేటికీ ట్రాక్టర్లు తయారుచేస్తోంది. సనత్‌నగర్‌లో మిగిలింది పేరు, ఇంకా ఆ చేతులు. జీతం పోయిన చేతుల్లో కొన్ని చిన్న షెడ్డులు పెట్టుకున్నాయి, కొన్ని డెంటింగ్, పెయింటింగ్ దుకాణాల్లో చేరాయి.

7.7 చట్టం ఎక్కడ గీత గీసింది?

బ్రిటన్‌లో చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ కారును విడిభాగాల పెట్టెగా అమ్మాడు. కొన్నవారే ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను పడేది కాదు. 1973లో పన్ను విధానం మారేదాకా ఈ వెసులుబాటు వేలమందికి ఇంట్లో కారు కట్టే అలవాటు నేర్పింది. 1996లో రాన్ చాంపియన్ అనే బడి ఉపాధ్యాయుడు 250 పౌండ్లకే సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాస్తే, అది దేశదేశాల షెడ్డులకు చేరింది. అలా కట్టిన కారును ఒక్కొక్కటిగా పరీక్షించి రోడ్డు మీదికి అనుమతించే పద్ధతి అక్కడ ఉంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని మరింత స్పష్టం చేసింది. బ్రేకులు సరిగా లేని సొంత బండి పాదచారిని గుద్దితే ఆ కుటుంబానికి 'ఊరికే చేశాను' అన్న జవాబు సరిపోదు. అందుచేత నియంత్రణ ఉండాల్సిందే. అయితే ఒక్కొక్క బండినీ పరీక్షించి, బాగుంటే అనుమతించే దారి సామాన్యుడికి లేకపోవడం వేరే విషయం. కంపెనీ తన నమూనాను పరీక్షా సంస్థకు పంపి ధ్రువపత్రం తెచ్చుకోగలదు. షెడ్డులోని మిస్త్రీకి ఆ స్తోమత ఉండదు. దీని ఫలితంగా మన దగ్గర ఇంటి పనితనం మ్యూజియంలో, ఊరేగింపు బండిలో, సినిమా సెట్టులో చోటు వెతుక్కుంది. రోడ్డు మీదికి వచ్చి తప్పులు దిద్దుకుని కంపెనీగా ఎదిగే దారి దానికి దొరకలేదు. చాప్‌మన్ సనత్‌నగర్‌లో పుట్టి ఉంటే అతని మొదటి కారును ఆర్.టి.ఎ. వారు రిజిస్టరు చేసేవారా అన్నది మీ తరగతిలో చర్చించదగిన ప్రశ్న.

7.8 వస్తువును ఆధారంగా చదవడం

ఈ చరిత్రకు లిఖిత ఆధారాలు తక్కువ కనుక వస్తువునే దస్తావేజుగా చదవాలి. ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళితే పాత పానాలు, ఆకురాళ్ళు, బెంచ్ వైస్‌లు, సగం విప్పిన మోటార్లు నేల మీద పరిచి ఉంటాయి. చేత్తో చేసిన వస్తువు ఒకటి దొరికితే ముందుగా అతుకు చూడండి. వెల్డింగు గీత ఒకే వెడల్పున చేప పొలుసుల్లా సాగితే అనుభవమున్న చెయ్యి; ముద్దలు ముద్దలుగా ఉంటే నేర్చుకుంటున్న చెయ్యి. ఆకురాయి గీతలు ఏ దిశలో ఉన్నాయో గమనించండి, ఐ.టి.ఐ.లో నేర్చినవారు అడ్డంగా, ఏటవాలుగా మార్చి మార్చి రాస్తారు. ఏ భాగం ఏ యంత్రం నుంచి వచ్చిందో గుర్తుపడితే ఆ వస్తువు ఏ కాలానికి ముందుది కాదో తెలుస్తుంది. స్కూటరు బేరింగు ఉన్న బొమ్మ ఆ స్కూటరు కంటే పాతది కాలేదు కదా! కొలతలు కూడా తీయండి. రంధ్రాలు అంగుళాల లెక్కలో ఉన్నాయా, మిల్లీమీటర్లలోనా అన్నది చూస్తే పనివాడు వాడిన పనిముట్లు ఏ తరానివో అంచనా వేయవచ్చు. చేసిన మనిషి బతికి ఉంటే ఎందుకు చేశారని కాకుండా, మొదట ఎక్కడ తప్పింది, దాన్ని ఎలా సరిచేశారు అని అడగండి. మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు వస్తుంది. రెండో దానికి చాయ్ చల్లారిపోయేదాకా చెబుతారు. అదంతా తేదీ, స్థలంతో సహా రాసుకుని, వస్తువు ఫొటోను నాలుగు వైపుల నుంచీ తీసి, కొలతలతో పాటు మీ అసైన్‌మెంటుకు జతచేయండి.